పిట్టకు రెండు అద్దాలు

తమ్ముడు పోయిన రోజు టీచరమ్మ ఏడో తరగతికి భిన్నాల కూడిక చెబుతోంది. కబురు తెచ్చిన అటెండరు లోపలికి రాలేక, వెనక్కి పోలేక గుమ్మంలో తచ్చాడుతుంటే, ఆగమని చేత్తో సైగ చేసింది. లెక్క పూర్తిచేసి, జవాబు కింద గీత గీసి, చేతుల సుద్దపొడి దులుపుకుని అప్పుడు బయటికి వచ్చింది. ఆ సంగతి తరవాత స్టాఫ్‌రూమ్‌లో చాలాకాలం నలిగింది. రాతిగుండె అన్నవాళ్లున్నారు, టీచరంటే అలా ఉండాలి అన్నవాళ్లూ ఉన్నారు.

తమ్ముడిది తూకం యంత్రాలు బాగుచేసే పని. కూరగాయల కొట్టు త్రాసు దగ్గర్నుంచి లారీలు తూచే కాటా దాకా ఊళ్లో ఏ ముల్లు అబద్ధమాడినా అతన్నే పిలిచేవాళ్లు. ఆ రోజు ఒక మందుల దుకాణంలో పనిచేస్తూ చేస్తూ, కుర్చీ ఉంటే ఇటివ్వండి అని అడిగి కూర్చున్నాడట. చేతిలో స్క్రూడ్రైవరు చేతిలోనే ఉంది. మనిషి మళ్లీ లేవలేదు.

ఇంట్లో భార్య మిగిలింది. షెడ్డులో పిట్ట మిగిలింది.

పిట్ట అంటే కారు. అతను పుట్టకముందే జపానులో తయారైన డాట్సన్ బ్లూబర్డ్. ఒక ఇటుకబట్టీ వెనక పడి ఉంటే, అందులో కాపురం ఉంటున్న కోళ్లను బతిమాలి బయటికి పంపి, తుప్పుతో సహా ఇంటికి తెచ్చుకున్నాడు. పేరులో నీలం ఉంది కదా, నీలం రంగు వెయ్యరా అని అక్క అంటే, "అందరూ నీలమే వేస్తారక్కా. మనది ఊరపిచ్చుక" అన్నాడు. అన్నట్టే, స్నేహితుడైన పెయింటర్‌ని రోజుల తరబడి వేధించి, పిచ్చుక వీపు మీది గోధుమరంగు కలిపించాడు. వెడల్పు చక్రాలు పట్టడానికి నాలుగు మడ్‌గార్డులూ కోసి, ఇనపరేకును ఇసకసంచి మీద పెట్టి కొయ్యసుత్తితో కొట్టి కొట్టి కొత్త వంపులు తీశాడు. ఇంజను మార్చాడు, బ్రేకులు మార్చాడు. దర్జీపని చేసే భార్య చేత సీట్లు కుట్టించాడు. అంతా అయింది. పాత జపాను కార్లను సొంతంగా మార్చుకున్నవాళ్లంతా ఏటా ఒకచోట చేరి జరుపుకునే ప్రదర్శనకు పేరు కూడా ఇచ్చాడు. ప్రదర్శనకు ముందే తను వెళ్లిపోయాడు.

పెయింటరూ, వైరింగ్ పని చేసే ఇంకో స్నేహితుడూ కలిసి టీచరమ్మ దగ్గరికి వచ్చారు. ఈ రెండోవాడు ఏ చీకట్లో దూరినా నోట్లో చిన్న టార్చిలైటు కరుచుకుని ఉంటాడు కాబట్టి వాడికి మిణుగురు అని పేరు పడిపోయింది.

"పిట్టను తీసుకెళ్తాం అక్కా. మీరూ రావాలి" అన్నారు.

"తీసుకెళ్లి?"

"నిలబెడతాం. అందరూ చూస్తారు."

"నిలబెట్టడానికైతే షెడ్డులోనే నిలబడి ఉందిగా. చివర్లో కార్లన్నీ ఒక చుట్టు తిరుగుతాయని వాడు చెప్పేవాడు. అందులో తిరుగుతుందా?"

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. తిరుగుతుందక్కా అన్నారు.

"తిరిగితే వస్తాను. వాడు దాన్ని చేసింది తిరగడానికి."

అంతకుమించి ఆవిడ అడగలేదు. కానీ ఆ ఒక్కటీ జరిగి తీరాలనుకుంది. తమ్ముడి కోసం చెయ్యగలిగింది ఇంకేదీ కనబడలేదు ఆవిడకు.

*

మూతపడిన గోదాముల ముందున్న పెద్ద సిమెంటు మైదానంలో ప్రదర్శన జరుగుతోంది. పొద్దున్నే మరదలితో కలిసి బస్సు దిగి గేటు దాటిన టీచరమ్మ అక్కడే ఆగిపోయింది.

ఇనుప సామాన్ల సంతలాంటిదేదో ఉంటుందనుకుంది. ఎదురుగా ఒక తోట ఉంది. లేతపసుపు, గుమ్మడిపండు రంగు, ముదురాకుపచ్చ, పాలతెలుపు. వరసలు వరసలుగా కార్లు నేలకు ఆనుకున్నంత కిందికి ఒదిగి, చక్రాలు లోపలికి వాల్చి కూర్చుని ఉన్నాయి. వాటి మధ్య జనం చేతులు వెనక్కి కట్టుకుని, వంగి వంగి చూస్తూ నడుస్తున్నారు. అచ్చం పరీక్ష హాల్లో పర్యవేక్షకుల్లా ఉన్నారు అనుకుంది. ఇంతమంది ఉండీ ఎవరూ దేన్నీ ముట్టుకోవడం లేదు.

"నేను ఈ టీకొట్టు దగ్గర కూర్చుంటాను వదినా. మీరు చూసి రండి" అంది మరదలు.

"పిట్టను చూడవా?"

"రోజూ చూస్తున్నా కదా, షెడ్డు కిటికీలోంచి."

టీచరమ్మ బలవంతపెట్టలేదు.

పిట్ట రెండో వరస చివర ఉంది. షెడ్డులో దుమ్ముగా ఉన్నది ఇక్కడ ఎండలో నిజంగానే ఇప్పుడే దుమ్ముస్నానం చేసి దులుపుకున్న పిచ్చుకలా ఉంది. పక్కన పెయింటర్ గుడ్డతో తుడిచిందే తుడుస్తున్నాడు. చుట్టుపక్కల కార్లన్నిటికీ బానెట్లు లేచి ఉన్నాయి, దీనికి మాత్రం మూసి ఉంది.

"ఇదెందుకు మూశారు?"

"ఇక్కడ పద్ధతక్కా అది" అన్నాడు పెయింటర్. "బానెట్ తెరిచి ఉంటే కారుగల మనిషిని ఏదైనా అడగొచ్చు. మూసి ఉంటే చూసి వెళ్లిపోవడమే. అడిగితే చెప్పాల్సినవాడు..." అని గుడ్డ మడతపెట్టుకున్నాడు.

"చుట్టు ఎప్పుడు?"

కారు వెనకనుంచి మిణుగురు తల ఎత్తాడు. "అక్కా, చిన్న ఇబ్బంది. బ్యాటరీ దిగిపోయింది. ఇన్నాళ్లు నిలబడి ఉంది కదా. పైగా పెట్రోలు పాతదైపోయింది. కార్బురేటర్లో చెత్త కూడా ఉన్నట్టుంది. అందుకే లారీ మీద ఎక్కించి తెచ్చాం. ఇక్కడ కూడా తోసుకునే వచ్చాం."

"అంటే తిరగదన్నమాట."

"చూద్దాం అక్కా. ముందు మీరు అవన్నీ చూసి రండి. ఒరే, అక్కకు చూపించరా!"

హోంవర్కు నిజంగా మర్చిపోయిన పిల్లవాడు ఒక కారణం చెబుతాడు. మూడు చెప్పేవాడి సంగతి వేరు. అయినా టీచరమ్మ పెయింటర్ వెంట నడిచింది.

*

నడిచిన కొద్దీ ఆవిడకు కోపం నిలవలేదు.

ఒక ఆకుపచ్చ కారు ముందు పెయింటర్ మోకాళ్ల మీద కూలబడ్డాడు. "చూశారా అక్కా? ఎండలో ఒక పచ్చ, నీడలో ఒక పచ్చ. తలుపు అంచున ఎక్కడైనా పొర మందమైందేమోనని వెతుకుతున్నా, దొరకట్లేదు. ఎవడు కొట్టాడో గానీ, వాడి చేతులు కడిగిన నీళ్లు నాకో గ్లాసు ఇప్పించండి."

"నీది తక్కువా?"

"నాది బాగుంటుంది. ఇది చూస్తే కడుపు మండుతుంది. రెండిటికీ తేడా ఉంది కదా."

ఇంకోచోట ఒక చిన్న ట్రక్కు. వెనక తొట్టెను నల్లటి కర్రపలకలతో కొత్తగా కట్టారు. దాని యజమాని వడ్రంగిపని చేసే ఆవిడ, గళ్ల చొక్కా చేతులు మడిచి పక్కనే నిలబడి ఉంది. టీచరమ్మ వంగి చూసింది. పలకల్ని పట్టి ఉంచిన స్క్రూల తలల మీది గాట్లన్నీ ఒకే దిక్కుకు, చివర ఒక్కటి కూడా పక్కకు పోకుండా, గీసినట్టు నిలువుగా ఉన్నాయి.

"ఇలా కావాలని ఆపారా?" అడిగింది.

"అవునండీ. ఏదైనా ఒకటి వంకరగా ఆగితే, విప్పి మళ్లీ బిగించాను."

"ఎవరు చూస్తారని?"

"మీరు చూశారుగా" అని నవ్విందావిడ.

టీచరమ్మ కూడా నవ్వింది. పుస్తకాలు దిద్దేటప్పుడు మార్జిను నీటుగా గీసిన పిల్లను పట్టుకున్నంత సంతోషమేసింది.

ఒక కారుకు వెనక నాలుగు గుండ్రటి దీపాలున్నాయి. స్కైలైన్ అట. వాటిని చూడ్డానికే జనం గుమిగూడి ఉన్నారు. ఇంకో కారు ఇంజను గదిలో ఒక్క తీగ కూడా కనబడలేదు. తీగలన్నిటినీ రేకు వెనక్కి పంపి, ఏమీ లేనట్టు మాయచేశారు. "మిణుగురుగాడు పొద్దున దీన్ని చూసి అన్నం మానేశాడు" అన్నాడు పెయింటర్.

గోదాము గోడ పక్కన నిలిచి ఉన్న ఒక మాజ్డా బడబడమని ఎక్కిళ్లు పెడుతున్నట్టు మోగుతోంది. అందులో పైకీ కిందికీ ఆడే పిస్టన్లు లేవని, మూడు మూలల ముక్క ఒకటి గుండ్రంగా తిరుగుతుందని దాని యజమాని చెప్పాడు.

"త్రిభుజం తిరుగుతుందా?"

"తిరుగుతుందండీ. మూడు మూలలూ ఎప్పుడూ గోడను రాసుకుంటూనే ఉంటాయి. చెయ్యి ఇటు పెట్టండి, తెలుస్తుంది."

అనుమతి ఇచ్చాడు కాబట్టి ఆవిడ చెయ్యి పెట్టింది. మణికట్టు దాకా వణికింది. ఇన్నేళ్లుగా బోర్డు మీద త్రిభుజాలు గీసింది, ఒక్కటీ కదల్లేదు. తమ్ముడు ఉంటే ఇప్పుడు పక్కన నిలబడి, "ఎలా ఉందక్కా?" అని మొహంలోకి చూసేవాడు. తను చేసిన దానికన్నా ఇంకొకరు చేసింది బాగుంటే వాడి కళ్లు మరీ మెరిసేవి.

ఇవన్నీ ఫ్యాక్టరీ వాళ్లు అయిపోయిందని బయటికి పంపిన బళ్లు. కాలేదు, ఇంకా ఉంది అని మళ్లీ మొదలుపెట్టిన మనుషులు వీళ్లు. పగలు వేరే పనులు చేసుకుని, ఇల్లూ పిల్లలూ చూసుకుని, మిగిలిన కాస్త పొద్దులో ఒక్కో రేకూ వంచుకున్నారు. తమ్ముడి పిచ్చి ఒంటరి పిచ్చి అనుకునేది ఆవిడ. వాడికి ఇంత బంధుబలగం ఉందని తెలీదు.

*

తిరిగి వచ్చేసరికి పిట్ట చుట్టూ జనం ఉన్నారు. పంచెకట్టు లేకపోయినా పెళ్లిపెద్దలా ఉన్న ఒక ముసలాయన అరచేతిని మడ్‌గార్డు వంపు మీదుగా, తాకీ తాకకుండా, ముందునుంచి వెనక్కి నడిపిస్తున్నాడు.

"ఇది కొన్న ముక్క కాదు. చేత్తో కొట్టిందే" అన్నాడు పక్కవాళ్లతో. "ఎడమా కుడీ ఒక్కలాగే వచ్చాయి చూడండి. రేకును ఒకపక్క వంచడం నాకూ వచ్చు. రెండోపక్క దానికి అద్దంలో బొమ్మలా తియ్యాలి, అక్కడ తెలుస్తుంది పనితనం." తరవాత మూసిన బానెట్ చూశాడు. ఇంకేమీ అడగకుండా, టోపీ తీసి చేత్తో పట్టుకుని, కాసేపు నిలబడి వెళ్లాడు.

తమ్ముడి పని దగ్గరగా చూద్దామని టీచరమ్మ డ్రైవరు పక్క తలుపు తీసింది. లోపల పైకప్పుకు ఉన్న చిన్న దీపం తెల్లగా, జిగేలుమని వెలిగింది.

ఆవిడ దీపం వైపు చూసింది. తరవాత మిణుగురు వైపు చూసింది.

"బ్యాటరీ దిగిపోయిందన్నావు."

"అది... దీపానికి ఎంతో అక్కర్లేదక్కా."

"ఈ కారులో తీగలన్నీ వేసింది ఎవరు?"

"నేనే."

"నువ్వు తీగలు వేసిన కారులో బ్యాటరీ దిగిపోయిందని నీ నోటితో నువ్వే అంటున్నావా? వేరేవాళ్లంటే కొట్టేవాడివి కాదూ?"

మిణుగురు తల దించుకున్నాడు. పెయింటర్ గుడ్డ తీసి మళ్లీ తుడవడం మొదలుపెట్టాడు.

"నువ్వూ చాలించు. తుడిచి తుడిచి రేకు బయటపడుతుంది. ఏమైందో ఒకరు చెప్పండి. ఒకరే చెప్పండి."

పెయింటరే చెప్పాడు. "పిట్టకేం కాలేదక్కా. తాళం తిప్పితే ఒక్క దెబ్బకు లేస్తుంది. నడుపుదామని మొన్న షెడ్డులో నేనే కూర్చున్నా. వాడేమో తాటిచెట్టు, నేనేమో ఇంత. కాళ్లు అందలేదు. అది సరే, సీటుకు గళ్లుంటాయి, ముందుకు లాక్కుని మళ్లీ అదే గడిలోకి నెట్టెయ్యొచ్చు. తల ఎత్తి అద్దాల్లోకి చూస్తే రెండిట్లోనూ ఆకాశం." ఆగి, ముక్కు తుడుచుకున్నాడు. "అద్దానికి గళ్లు లేవక్కా. ఒకసారి తిప్పితే మళ్లీ వాడు పెట్టుకున్నట్టు పెట్టలేం. నా వల్ల కాలేదు. వీణ్ణి తిప్పరా అన్నాను. వీడు టార్చిలైటు నోట్లో పెట్టుకుని మాట్లాడ్డమే మానేశాడు."

"అందుకని బంగారంలాంటి బండిని లారీ ఎక్కించి, ఊరంతా చూస్తుండగా తోసుకొచ్చారా?"

"అవునక్కా."

టీచరమ్మ కారు ముందుకు నడిచింది. ఆ కాలపు జపాను కార్లకు అద్దాలు తలుపుల మీద ఉండవు. ముందు చక్రాల పైన, మడ్‌గార్డుల చివర, రెండు కొమ్మల మీద రెండు పిట్టల్లా నిలబడి ఉంటాయి. సీట్లో కూర్చున్నవాడి చెయ్యి వాటికి అందదు. సరిచెయ్యాలంటే ఇద్దరు మనుషులు కావాలి, లోపల ఒకరు, బయట ఒకరు.

"వీటిని ఇలా పెట్టింది వాడు కాదు" అంది. "నేను."

ఇద్దరూ ఆవిడ వైపు చూశారు.

"ఆదివారం కడిగాక వాడు లోపల కూర్చునేవాడు, నేను ఇక్కడ నిలబడేదాన్ని. కొంచెం పైకి, ఇంకొంచెం, ఆఁ ఎక్కువైంది, నువ్వు పిల్లల చెవులు మెలిపెట్టినట్టు మెలిపెట్టకక్కా అని అరిచేవాడు. తూకం ముల్లు చూసినట్టు చూసేవాడు. ఒక్కో అద్దానికి అరగంట." ఆవిడ మామూలు గొంతుతోనే అడిగింది. "చుట్టు ఎప్పుడు?"

"ఇంకాసేపట్లో. కార్లు లేస్తున్నాయి చూడండి. కానీ ఎవరు కూర్చుంటారక్కా?"

"అది చెప్పాల్సిన మనిషి టీకొట్టు దగ్గర ఉంది."

*

మరదలు ఖాళీ గ్లాసు చేతిలో పెట్టుకుని కూర్చుని ఉంది. టీచరమ్మ పక్కన కూర్చుని, ఏదీ పెంచకుండా, ఏదీ దాచకుండా జరిగింది జరిగినట్టు చెప్పింది. తోసుకొచ్చిన మాట దగ్గర మరదలికి నవ్వు వచ్చింది. నవ్వుతూనే కొంగుతో కళ్లు ఒత్తుకుంది.

"వాళ్లకేం పోయేకాలం వదినా! లారీ దాకా తోశారా?"

"తోశారు. ఎవరు నడపాలో నువ్వు చెప్పు. వద్దంటే వద్దు, ఇంటికి వెళ్లిపోదాం. నేను పిట్ట తిరగాలన్నాను గానీ, నీ మాట దాటి కాదు."

మరదలు మైదానం వైపు చూసింది. ఒకటొకటిగా ఇంజన్లు లేస్తున్నాయి.

"బట్టలు చేరవెయ్యడానికి రోజూ వ్యాను నేనే నడుపుతాను కదా. దీన్ని మాత్రం ఒక్కరోజు ముట్టుకోనిచ్చాడా మీ తమ్ముడు? క్లచ్ మీద కాలు తియ్యవు, పిట్ట ఏడుస్తుంది అనేవాడు. ఏడవనివ్వండి. నేనే నడుపుతాను."

పిట్ట దగ్గరికి వచ్చి, తను కుట్టిన సీట్లోనే మొదటిసారి కూర్చున్నట్టు కూర్చుంది. సీటు ముందుకు లాగింది. టకటకమని గళ్లు దాటాయి. ఆవిడ తాళం తిప్పింది. పిట్ట ఒక్క దెబ్బకు లేచి, గొంతు సవరించుకున్నట్టు రెండుసార్లు దగ్గి, నిలకడగా మోగింది. మిణుగురు నోట్లోంచి టార్చిలైటు కింద పడింది.

"చూశారా, నా బ్యాటరీ!" అన్నాడు.

"నోరు ముయ్యరా" అన్నాడు పెయింటర్.

టీచరమ్మ ఎడమ అద్దం దగ్గర నిలబడింది. లోపలివైపు చూసి, "ఏం కనబడుతోంది?" అని అరిచింది.

"ఆకాశం!"

బొటనవేలు అద్దం పై అంచున పెట్టింది. చల్లగా ఉంది. నొక్కింది. కదలనని మొరాయించి, తరవాత మెత్తగా వాలింది.

"ఇప్పుడు?"

"గోదాము కప్పు. ఇంకొంచెం. ఆఁ, మనుషులు. ఇంకాస్త లోపలికి వదినా. అయ్యో, ఎక్కువైంది! చాలు, చాలు, అక్కడే ఆపండి!"

టీచరమ్మ చెయ్యి తీసింది. కారు ముందునుంచి నడిచి కుడిపక్కకు వచ్చింది. కుడి అద్దం మీద బొటనవేలు పెట్టింది. పెట్టి అలాగే ఉండిపోయింది. ముందు వరసలో ఆకుపచ్చ కారు అప్పటికే కదిలింది. వెనకనున్న ఎవరూ హారను కొట్టలేదు.

మరదలు కిటికీలోంచి తల బయటపెట్టింది.

"ఈ పక్క నేను తల తిప్పి చూసుకుంటాను వదినా. వచ్చి కూర్చోండి."

టీచరమ్మ వచ్చి పక్క సీట్లో కూర్చుంది.

క్లచ్ మీద కాలు ఆలస్యంగానే తీసింది మరదలు. పిట్ట ఒకసారి ఉలిక్కిపడి, తరవాత సర్దుకుని వరసలో కలిసింది. ముందు ఆకుపచ్చ కారు, వెనక కర్రతొట్టె ట్రక్కు. దాన్ని నడుపుతున్న వడ్రంగి ఆవిడ చెయ్యి ఊపింది. గోడవార నిలబడిన జనం పిచ్చుకరంగు చూసి, ఆ రంగుకు తోచిన పేర్లు చెప్పుకుంటున్నారు. టోపీ ముసలాయన ఇప్పుడు టోపీ గాల్లోకి ఎత్తాడు. మలుపు తిరిగేటప్పుడు బండి ఎటూ ఒరగలేదు. నేలను పట్టుకుని, తూచినట్టు తిరిగింది. రేకుల్లో ఎక్కడా ఒక్క చప్పుడు లేదు. ఇంత బాగా చేశాడా అనుకుంది టీచరమ్మ. షెడ్డులో ఎన్నిసార్లు చూసినా తెలియనిది, కదిలితే తెలిసింది. ఆవిడ కళ్లలోంచి నీళ్లు కారుతుంటే తుడుచుకోలేదు. మరదలు ఎడమ అద్దంలో ఒకసారి, కుడిపక్క తల తిప్పి ఒకసారి చూసుకుంటూ నడిపింది.

చుట్టు అయ్యాక పిట్టను మళ్లీ దాని చోటికి తెచ్చి నిలిపారు. పెయింటర్ పరిగెత్తుకొచ్చాడు.

"చెల్లెమ్మా, ఇంటికి కూడా నడిపేస్తావా? లారీని పంపించెయ్యనా?"

మరదలు ఇంజను ఆపింది. వదిన వైపు చూసింది.

"పెద్ద రోడ్డు మీద తల తిప్పుతూ కూర్చుంటే కుదరదన్నయ్యా. రెండూ కావాలి."

ఎవరూ కుడి అద్దం వైపు వెళ్లలేదు. కాసేపటికి మిణుగురు వెళ్లి లారీ తలుపు దించాడు. వెళ్లేముందు టీచరమ్మ బానెట్ తెరవమంది. జనం వచ్చి అడిగారు. పెయింటరూ మిణుగురూ ఒకరి మాట ఒకరు అందుకుంటూ, తెలిసినంతవరకూ చెప్పారు. చీకటి పడకముందే పిట్ట లారీ మీద ఇంటికి చేరింది, షెడ్డులోకి వెళ్లింది.

కుడి అద్దం ఇంకా తిప్పలేదు.